పెద్దమ్మ కథకి ఫ్యాన్ లేని కంప్యూటరు

చదువై ఢిల్లీలో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ కాలంలో, బేరమాడితే లొంగని వస్తువు భూమ్మీద లేదని నాకొక గట్టి నమ్మకం ఉండేది. అది నా తప్పు కాదు, పెంపకం అలాంటిది. తెనాలిలో మా తాతది స్టీలు సామాన్ల కొట్టు, నాన్నది ఫ్యాన్సీ కొట్టు, మేనమామది బియ్యం కొట్టు. అన్నప్రాశన నాడు నా ముందు పుస్తకం, కలం, బంగారం అన్నీ పెడితే వాటిని దాటుకుంటూ పాకిపోయి, మూలన ఎవరో మరిచిపోయిన తక్కెడ పట్టుకున్నానట. (అమ్మ ఈ మాట గర్వంగా చెబుతుందో, బాధగా చెబుతుందో నాకింకా తేలలేదు.) అలాంటివాణ్ణి ఢిల్లీని ఆనుకునున్న నోయిడాలో ఉద్యోగమొచ్చి, ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్లలో ఉండే పెద్దమ్మ ఇంట్లో దిగాను. పెదనాన్న కేంద్ర ప్రభుత్వంలో అధికారి. నన్ను పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు, "ఏమయ్యా షావుకారూ" అనేవారు.

పెద్దమ్మ కథలు చెబితే వినాలి. ఆ క్వార్టర్లలో మన తెలుగు పిల్లలంతా మనం తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే రకం. వాళ్ళు కూడా సాయంత్రమయ్యేసరికి "ఆంటీ, కహానీ" అంటూ వచ్చి ఆవిడ చుట్టూ చేరేవాళ్ళు. ఎవరో చెప్పగా, పిల్లల కథలు గొంతుతో చదివించి అందరికీ వినిపించే హైదరాబాదు వాళ్ళెవరికో పెద్దమ్మ ఓ కథ చదివి, ఇంట్లోనే రికార్డు చేసి పంపింది. అక్కడ పనిచేసే అమ్మాయి ఫోన్ చేసింది. "గొంతు చాలా బాగుందండీ. కానీ వెనకాల పిండిమర తిరుగుతోంది. ఇంకొకటి పంపుతారా? ఈ ఆదివారం దాకా చూస్తాం." ఆ పిండిమర పెదనాన్న పాత కంప్యూటరు. దాని ఫ్యాను తిరుగుతుంటే పక్కింటి వాళ్ళు తమ ఇంట్లో కూలర్ ఆన్‌లో ఉందేమోనని లేచి చూసుకునేవాళ్ళు.

"శబ్దమే చెయ్యని కంప్యూటరు నేను కడతాను పెద్దమ్మా" అన్నాను. లోపల ఒక్క ఫ్యానూ ఉండదు, తిరిగే చక్రమూ ఉండదు, వేడిని రాగి గొట్టాలు మోసుకెళ్ళి బయటి పెట్టెకి అప్పగిస్తాయి, ఆ పెట్టెకి మోటారు సైకిలు ఇంజనుకున్నట్టు రెక్కలుంటాయి, అవి గాలికి చల్లారిపోతాయి అని, ఎక్కడో చదివినదంతా ఒప్పజెప్పాను. పెదనాన్న పేపరు దించకుండానే, "పొడుగాటి తీగ కొని, మైకు ఈ గదిలో, కంప్యూటరు ఆ గదిలో పెడితే సరిపోదూ?" అన్నారు. ఆయన మాట వినుంటే ఆ పూటే పని అయిపోయేది, నాకు చెప్పుకోవడానికి ఈ కథ మిగిలేది కాదు. "అది పరిష్కారం కాదు పెదనాన్నా, సర్దుబాటు" అన్నాను. ఆ వయసులో అలాంటి వాక్యాలు నోట్లో తయారుగా ఉండేవి.

కంప్యూటరు సామాన్ల బజారు నెహ్రూ ప్లేస్‌లో ఆ రెక్కల పెట్టె దొరికింది. అమ్మేది ఒక పంజాబీ అంకుల్, నా తాతకి తమ్ముడిలా ఉన్నాడు. నేను చూసీ చూడనట్టు చూశాను, ఆయన అమ్మీ అమ్మనట్టు చూశాడు. నేను వెళ్ళిపోయాను, ఆయన పిలవలేదు. నేనే దారి తప్పినట్టు తిరిగొచ్చాను. "బేటా, తూ దుకాన్‌దార్ కా బచ్చా హై" అన్నాడు నవ్వుతూ. కొట్టువాడి పిల్లాడినని కనిపెట్టేశాడన్నమాట. ఇద్దరం టీ తాగి, ఇద్దరం నష్టపోయినట్టు మొహాలు పెట్టి, బేరం కుదుర్చుకున్నాం. అంతా అయ్యాక నేను మామూలుగా కొసరు అడిగాను. మా వంశంలో కొసరు లేకుండా కొట్టు దిగిన మగాడు లేడు. అంకుల్ బల్ల కింద వెతికి, మహా ఉదారంగా, ఒక ఫ్యాన్ తీసి చేతిలో పెట్టాడు. ఫ్యాన్ లేని కంప్యూటరు కోసం వచ్చి ఫ్యాన్ కొసరుగా తెచ్చుకున్నానని మెట్రో ఎక్కాక గాని నాకు తట్టలేదు. తట్టాక కూడా, ఉచితంగా వచ్చింది కదా అని లోలోపల సంతోషించాను.

డైనింగ్ టేబుల్ మీద పాత దుప్పటి పరిచి కట్టడం మొదలుపెట్టాను. కంప్యూటరు మెదడు అనే చిన్న పలక మీద తెల్లటి లేపనం రాసి, దాని మీద రాగి దిమ్మెని అదిమి బిగించాలి. వేడి ఆ దిమ్మెలోకి ఎక్కి, అక్కణ్ణుంచి గొట్టాల్లోకి, గొట్టాల్నుంచి రెక్కల్లోకి పోతుంది. అన్నీ పద్ధతిగా బిగించి మీట నొక్కాను. తెర వెలిగింది. శబ్దం లేదు. పెదనాన్న వచ్చి పెట్టెకి చెవి ఆనించి, "ఆన్ చేశావా?" అన్నారు. నా జీవితంలో అంతకన్నా పెద్ద మెప్పు అప్పటిదాకా దొరకలేదు.

పెద్దమ్మ మైకు ముందు కూర్చుని గొడుగెత్తుకుపోయిన మేక కథ మొదలుపెట్టింది. మేక యజమాని గొడుగు నోట కరుచుకుని ఏటి ఒడ్డు చేరేసరికి తెర నల్లబడింది. మళ్ళీ మొదలుపెట్టాం. మళ్ళీ ఏటి ఒడ్డునే ఆరిపోయింది. "నీ కంప్యూటరుకి నీళ్ళంటే భయంలా ఉంది షావుకారూ" అన్నారు పెదనాన్న. నేను పెట్టె మీద చెయ్యి వేసి, "వేడి వల్ల కాదు పెదనాన్నా. చూడండి, ఎంత చల్లగా ఉందో!" అన్నాను, నా పనితనానికి అదే సాక్ష్యమన్నట్టు. (లోపల మెదడు ఉడికిపోతుంటే బయటి రెక్కలు చల్లగా ఉండటం మంచి లక్షణం కాదని, అంత చదివినవాడికి తోచలేదు.)

ఇక గత్యంతరం లేక ఆ కొసరు ఫ్యాన్ తీసి పెట్టె మీద తాడుతో కట్టాను. బొంయ్యిమని మొదలైంది. "ఫ్యాన్ లేని కంప్యూటరుకి ఫ్యాన్ కట్టిన మొట్టమొదటి మనిషివి నువ్వేనయ్యా" అని పెదనాన్న పడీ పడీ నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. మైకు వైరు మెల్లగా చుట్టేస్తూ, "పోనీలేరా. ఈ ఇంట్లో నేను నోరు తెరిచేసరికి ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది, నాకేం కొత్తా?" అంది. కుక్కరు మూత పెట్టినంత మామూలుగా అంది ఆ మాట. పెదనాన్న నవ్వు ఆగిపోయింది. మర్నాడే ఆదివారం. నేను మళ్ళీ స్క్రూడ్రైవరు పట్టుకున్నాను.

ఆదివారం పొద్దున అన్నీ విప్పి రాగి దిమ్మె చేత్తో పట్టుకుని తిప్పి తిప్పి చూస్తుంటే, పెద్దమ్మ మజ్జిగ గ్లాసుతో వచ్చి వంగి చూసింది. "ఇదేమిట్రా, దీనికి ఇంకా కవరుంది?"

"ఉంటుంది పెద్దమ్మా. కొత్త సరుకు కదా, గీతలు పడకుండా."

దిమ్మెకి అంటుకుని పల్చటి ప్లాస్టిక్ పొర ఉన్నమాట నిజమే. దాన్ని బిగించేటప్పుడే చూశాను. చూసి, మురిసి, జాగ్రత్తగా అలాగే ఉంచాను. మా తాత కొట్టులో కవరు చిరిగిన గిన్నె అంటే సగం పాతబడ్డ గిన్నె. మా ఇంట్లో రిమోటుకి కవరు, ఫ్రిజ్ తలుపుకి కవరు, నాన్న స్కూటరు సీటుకి కొన్న రోజు తొడిగిన కవరు. తీసేది అమ్మే రోజున. ఆ లెక్కన పలక మీద లేపనం రాసి, దానికీ దిమ్మెకీ మధ్య ప్లాస్టిక్ పరిచి, వేడిని లోపలే భద్రంగా దాచిపెట్టానన్నమాట.

"ఎవరికి అమ్ముతావురా దీన్ని?" అని పెద్దమ్మ గోటితో ఒక్క లాగు లాగింది. పొర ఊడొచ్చింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మళ్ళీ కూర్చున్నాం. సీలింగ్ ఫ్యాన్ ఆపేశాం. ఢిల్లీ మే నెల. పెదనాన్న గుమ్మం దగ్గర కాపలా కూర్చుని, వచ్చిన కూరగాయలవాణ్ణి "భయ్యా, బాద్ మే, బాద్ మే" అని, తర్వాత రమ్మన్నట్టు సైగలు చేసి తరిమేశారు. ఆయన దగ్గొస్తే తువ్వాలు నోట్లో కుక్కుకోవడం నా కళ్ళారా చూశాను. నేను పెద్దమ్మ పక్కన నేల మీద కూర్చుని పెట్టె మీద చెయ్యి వేసి ఉంచాను. రెక్కలు గోరువెచ్చబడ్డాయి, వేడి బయటికి వస్తోంది! మేక ఏటి ఒడ్డు చేరింది. ఏరు దాటింది. వానలో గొడుగు తెరిచి, దాని కింద కప్పల్నీ కోళ్ళనీ నిలబెట్టి అద్దె అడిగింది. కంప్యూటరు ఆరలేదు. కథ అయిపోయింది. పెద్దమ్మ పైటకొంగుతో మొహం తుడుచుకుని, "బాగానే చదివానా?" అంది చిన్నపిల్లలా.

పంపేముందు నేను మొదట్లో కాస్త విన్నాను. బస్తాలో చెయ్యిపెట్టి గుప్పెడు బియ్యం చూసి బస్తా అంతా కొనేసే మేనమామ పద్ధతి. పిండిమర లేదు, నిశ్శబ్దం మేలురకంగా ఉంది. పంపేశాను.

మంగళవారం ఆ అమ్మాయి ఫోన్ చేసింది. పెద్దమ్మ ఫోన్ స్పీకర్లో పెట్టి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "చాలా బాగుందండీ, తీసుకుంటున్నాం. కానీ మధ్యమధ్యలో ఊఁ కొడుతున్న ఆ బాబు ఎవరండీ?"

పెద్దమ్మ నా వైపు చూసింది. అప్పుడు పూర్తిగా విన్నాం. మేక ఏరు దాటిన దగ్గర్నుంచి, ప్రతి వాక్యం చివరా, వేడి చూడమని కూర్చోబెట్టిన ఇంజనీరు గారు తన్మయంగా "ఊఁ... ఊఁ..." అంటున్నారు. ఒకచోట "ఆఁ! తర్వాతో?" కూడా ఉంది. పాత కంప్యూటరయితే ఆ రొదలో అవన్నీ కొట్టుకుపోయేవి. నేను సిగ్గుతో చచ్చి, "మళ్ళీ చదివి పంపిస్తామండీ" అన్నాను.

"వద్దు వద్దు, ఉంచేస్తాం. ఊఁ కొట్టేవాడు లేకపోతే కథేముందండీ? బాబుకి ఎన్నేళ్ళు?"

పెద్దమ్మ రెప్ప వెయ్యకుండా, "ఎనిమిది దాటుతున్నాయమ్మా" అంది.

ఆ తర్వాత పెద్దమ్మ చాలా కథలు చదివింది. నేను నోయిడాకి మారాను, పెళ్ళయింది, పాపాయి పుట్టింది. మన భాషలో అడిగితే హిందీలో జవాబిచ్చే పిల్ల. మొన్నో మధ్యాహ్నం సోఫాలో బోర్లా పడుకుని ఫోన్లో ఆ మేక కథ వింటోంది. తలెత్తి, "పాపా, యే ఊఁ ఊఁ కౌన్ కర్ రహా హై?" అని, ఊఁ కొడుతున్నదెవరని నన్ను అడిగింది. నాకు హుషారొచ్చింది. పక్కన కూర్చుని రాగి గొట్టాల దగ్గర్నుంచి మొదలుపెట్టాను. అది వేలు పెదాల మీద పెట్టుకుని, "చుప్, పాపా! సునాయీ నహీ దే రహా" అంది. కథ వినపడటం లేదట.

నోరు మూసుకున్నాను. ఫోన్లో మేక ఏరు దాటుతోంది. ఆ కుర్రాడు ఊఁ అన్నాడు. తనకి తెలియకుండానే, వాడితో పాటు మా పిల్ల కూడా అంది.