బడి జాగలో పోచమ్మ

బుచ్చవ్వకు ఏడో అంతస్తు ఎప్పుడూ ఒంటబట్టలేదు. లిఫ్టు బాగున్న రోజు కరెంటు ఉండదు, కరెంటు ఉన్న రోజు లిఫ్టు పనిచేయదు, రెండూ కుదిరిన రోజు ఆమెకు కిందికి పోయే పని ఉండదు. సిరిసిల్ల పక్క పల్లెలో పెళ్లి చేసుకుని సూరత్ వచ్చినప్పుడు ఆమె కాపురం పెట్టింది మురుగువాగు ఒడ్డున రేకుల గదిలో. ఇక్కడివాళ్లు ఆ వాగును ఖాడీ అంటారు. భర్త లింగమూర్తి మగ్గాల కారఖానాలో ముందు చెవులు పోగొట్టుకున్నాడు, తరువాత ఊపిరితిత్తులు పోగొట్టుకున్నాడు, చివరికి తానే పోయాడు. ఆ పైన కార్పొరేషన్ వాళ్లు రేకుల గదులు కూల్చి ఈ మేడలు కట్టించి ఇచ్చారు. పన్నెండేసి అంతస్తులు, ఎటు చూసినా ఎవరివో ఆరేసిన బట్టలే. మనుషుల్ని పక్కపక్కన ఉంచే చోటు లేక ఒకరి నెత్తిన ఒకర్ని పెట్టారు, అంతే.

ఆ మేడల నడుమ ఒక్క ఖాళీ జాగ మిగిలింది. అందులో ఒక బోర్డు పాతారు. బడి కోసం ఉంచిన స్థలమని దాని మీద గుజరాతీలో రాసి ఉందని కూతురు జమున చదివి చెప్పింది. చెప్పి తల తిప్పుకుంది. ఎందుకంటే జమున చదువు ఏడో తరగతితో ఆగింది. పైతరగతుల బడి లారీలు తిరిగే పెద్దరోడ్డు అవతల ఉండేది, ఆడపిల్లను రోజూ ఆ రోడ్డు దాటించే ధైర్యం బుచ్చవ్వకు లేకపోయింది. ఇప్పుడు జమున చీరలు మడతపెట్టే గోదాములో పొద్దంతా నిలబడుతుంది. ఆమె కూతురు సింధూజ అయిదో తరగతి. దగ్గర్లో ఉన్న బడి ఇప్పుడు ఒక తరగతి పెరిగినా ఎనిమిది దాకానే. ఆ తరువాత మళ్లీ అదే పెద్దరోడ్డు, అవే లారీలు.

అందుకే బుచ్చవ్వ ఆ బోర్డును కిటికీలోంచి రోజూ చూసేది. కానీ బోర్డును చూసి భయపడేదెవరు? మొదట టెంపోలు వచ్చి నిలిచాయి. టెంపోల వెనక బట్టల మార్కెట్ చిందీ, అంటే పనికిరాని ముక్కగుడ్డలు, మూటలకు మూటలు వచ్చి పడ్డాయి. ఆ వెనక ఎవరివో పగలగొట్టిన గోడల రద్దు. ఫిర్యాదులిచ్చీ ఇచ్చీ జనానికి కాళ్లరిగాయి. ఒకరోజు తెల్లవారుతుండగానే బుచ్చవ్వ కిందికి దిగింది. ఆ రద్దులోంచే కాస్త నిలువుగా ఉన్న రాయిని ఏరి, కడిగి, పసుపు పూసి, బొట్లు పెట్టి, వేపకొమ్మ గుచ్చి, పక్కనే మూడు ఇటుకల పొయ్యి మీద బోనం వండింది. అడిగినవాళ్లకు పోచమ్మ అని చెప్పింది.

చెత్త ఆగిపోయింది. టెంపోవాళ్లు దూరంగా తిప్పుకుపోయారు. కార్పొరేషన్ చేయలేనిది బుచ్చవ్వ బొట్టుబిళ్లతో చేసిందని కాలనీ అంతా మెచ్చుకుంది. బడి వచ్చేదాకా జాగను కాపాడటానికే ఆమె ఆ రాయి పెట్టింది. కానీ మనవాళ్లు దేవతను రాయితో వదిలేస్తారా? పరుశురాం అని మగ్గాల మేస్త్రీ ఒకడున్నాడు, ఉత్సాహవంతుడు. ముందు అరుగు కట్టించాడు, అరుగుకు టైల్స్ వేయించాడు, టైల్స్ పాడవుతాయని రేకుల షెడ్డు వేయించాడు, షెడ్డుకు ఇనుప జాలీ పెట్టించాడు. చూస్తూండగానే అది గుడి అయి కూర్చుంది. బుచ్చవ్వ కూడా మారిపోయింది. సింధూజకు జ్వరం వచ్చి దిగనప్పుడు ఆ రాయికే మొక్కుకుంది, జ్వరం దిగింది. రద్దులోంచి తెచ్చిన రాయన్న సంగతి అప్పటినుంచి ఆమెకు గుర్తురావడం మానేసింది.

అట్లాంటి రోజుల్లో మనోజ్ఞ వచ్చింది. కాకినాడ వైపు పిల్ల, కార్పొరేషన్‌కు ప్లాన్లు గీసే ఆఫీసులో ఉద్యోగం. తెలుగువాళ్లున్న కాలనీ అని ఆమెనే పంపారు. ఎండలో తిరిగి తిరిగి మొహం వాడిపోయి ఉంది. అరుగు మీద కూర్చుని కాగితం పరిచి బుచ్చవ్వకు చూపించింది.

"ఇదిగోండి మామ్మగారూ, ఇది బడి, పన్నెండో తరగతి దాకా. ఇటు చిన్నపిల్లల అంగన్‌వాడీ. ఈ మూల పెళ్లిళ్లకీ మీటింగులకీ హాలు. ఇది సాయంత్రాలు కూర్చుని చదువుకునే గది."

ఆ 'గారు'కు బుచ్చవ్వకు నవ్వొచ్చింది. నవ్వుతూనే అడిగింది. "మరి మా పోచమ్మ యాడున్నది బిడ్డా ఇందుల?"

మనోజ్ఞ కాగితం మడిచింది. "అదే చెప్పడానికొచ్చానండి. గుడి ఉన్న స్థలమంటే ఫైలు పైకి కదలదు. తీయించి గొడవ నెత్తికెత్తుకునేవాళ్లు ఎవరూ లేరు. బడి ఇంకో పేటకి వెళ్లిపోతుంది. మీ అంతట మీరు తీస్తే వేరే మాట. వచ్చే నెల కొలతలకి వస్తాం. అప్పటికి ఇక్కడ గుడి ఉండకూడదు, టెంపోలుండకూడదు, చెత్తుండకూడదు. ఖాళీగా కనపడాలి."

"ఈ యేడు మొదలైతే, మా పిల్ల ఎనిమిది దాటేటాళ్లకు లేస్తదా బడి?"

"లేవచ్చండి. ఈ ఏడు పోతే మాత్రం మళ్లీ ఎప్పుడో నాకూ తెలీదు."

బుచ్చవ్వకు అప్పుడర్థమైంది. జాగను చెత్త నుంచి కాపాడిన అమ్మే బడిని కూడా రానివ్వకుండా ఆపి కూర్చుందన్నమాట. ఇందులో తప్పెవరిదని వెతికితే తిరిగి తిరిగి తన దగ్గరికే వచ్చింది. ఆ రోజు ఏడంతస్తులూ మెట్లెక్కి పైకి పోయి, అన్నం కూడా తినకుండా గోడకు ఆనుకుని కూర్చుంది. విసుగొచ్చింది ఆమెకు. కార్పొరేషన్ మీద, పరుశురాం మీద, మోకాళ్ల మీద, కొంచెం పోచమ్మ మీద కూడా.

మర్నాడు పరుశురాంను పిలిచి సంగతి చెప్పింది. వాడు ససేమిరా అన్నాడు.

"అమ్మ కూసున్న జాగ, పెద్దమ్మా. లేపుతమా? అమ్మకు కోపమొస్తే కాలనీ మొత్తం ఆగమైతది."

"లేపుడు గాదు, సాగనంపుడు. ఊర్ల మనం జెయ్యలేదా? బోనం వెట్టి, సాగనంపి, పొలిమెరల కూసోవెట్టి రాలేదా? అసలు అమ్మ నడి ఊర్ల ఎందుకుంటదిరా? పొలిమెర ఆమెది."

"గీ సూరత్‌ల పొలిమెర యాడున్నది?"

"ఖాడీ గట్టున్నది గదా. మనం బతికిన జాగ."

"మరి కోపమొస్తే?"

"మొదటి బోనం వండింది నేను. వస్తే నా మీదికి రమ్మను. నేనెట్లాగూ ముసల్దాన్ని."

మొదటి బోనం ఎవరు వండితే సాగనంపే మాట వాళ్లదే. అది పరుశురాంకూ తెలుసు. ఇక నోరెత్తలేదు కానీ మొహం ముడుచుకున్నాడు. తానే బిగించిన జాలీ బోల్టులను తానే విప్పాడు, షెడ్డూ అరుగూ తీయించాడు. ఆదివారం ఆడవాళ్లు బోనాలెత్తారు. డప్పు కొట్టేవాళ్లు దొరక్క స్టీలు తాంబాళాలు వాయించారు. రాయి బరువుకు బుచ్చవ్వ నడుము వంగిపోయింది, అయినా ఎవరికీ ఇవ్వలేదు. ఖాడీ గట్టున వేపమొక్క పక్కన కూర్చోబెట్టి, "ఏమనుకోకు తల్లీ, పిల్ల చదువు కోసం" అని ఏడ్చింది. పోయిన భర్త కోసం కూడా ఆమె అంత ఏడవలేదు.

ఏడ్చి వచ్చి పడుకుంటే, మంగళవారానికి జాగలో రెండు టెంపోలు నిలిచి ఉన్నాయి. బుధవారం చిందీ మూటలు. ఏం మనుషులో! అమ్మ ఎప్పుడు లేస్తుందా అని కాచుక్కూర్చున్నట్టే ఉంది. జమున కిటికీలోంచి చూసి, "ఇగ అయ్యేది గాదమ్మా, ఇడిసిపెట్టు" అంది. బుచ్చవ్వ పరుశురాంను తోడు తీసుకుని ఆ మూటలు ఎత్తించింది. తరువాత ఒక గోనెపట్టా, నీళ్ల సీసా, కూలికి లేసు కుట్టాల్సిన చీరల మూట సంకన పెట్టుకుని కిందికి దిగి, అరుగు ఉండిన చోట పట్టా పరుచుకుని కూర్చుంది.

ఆ రోజునుంచి అదే ఆమె కొలువు. పొద్దున జమున పనికి పోయేటప్పుడు దిగడం, చీకటి పడ్డాక ఎక్కడం. టెంపో వస్తే కదలదు. హారన్ కొడితే లేసు కుడుతూనే ఉంటుంది. ఒక డ్రైవరు దిగి వచ్చి, జరగమని గుజరాతీలో బతిమాలాడు, తరువాత తిట్టాడు.

"నేను జరగ. నువ్వే జరుగు," అంది తెలుగులోనే. వాడికి భాష రాకపోయినా అర్థమైంది. బండి వెనక్కి తిప్పుకున్నాడు.

సింధూజ బడి నుంచి వచ్చి ఆమె పక్కనే కూర్చుని హోంవర్కు రాసేది. "అమ్మమ్మా, ఇగ ఘర్ చల్," ఇంటికి పోదామని సాయంత్రం ఒకటే గోల. అలవాటు కొద్దీ అటుగా పోయే ఆడవాళ్లు దండం పెట్టబోయి, బుచ్చవ్వను చూసి చేయి దించుకునేవాళ్లు. ఆమెకు నవ్వూ వచ్చేది, ఒళ్లు నొప్పులూ పుట్టేవి. మోకాళ్లు వాచాయి. చెప్పిన నెల దాటినా కొలతలకు ఎవరూ రాలేదు. వాళ్లు రారేమోనన్న భయం పట్టుకుంది, అయినా దిగడం మానలేదు.

చివరికి వచ్చారు. టేపులు, ఇనుప మేకులు, ఇద్దరు మనుషులు, వెనకాలే మనోజ్ఞ. జాగ ఖాళీగా ఉంది, నడుమ ఒక ముసలమ్మ తప్ప.

"మీరేంటండీ మామ్మగారూ, ఇక్కడ?"

"అమ్మ పోయినంక ఎవరో ఒకరు కూసోవాలె గదా."

మనోజ్ఞ కాగితం తీసి చూసుకుంది. "కాస్త లేవాలండి. మొదటి మేకు ఇక్కడే కొట్టాలి."

"ఈడేం వస్తది?"

"గేటు. బడి గేటండి."

"మా పిల్ల తొమ్మిదికి గీ గేట్ల నుంచి పోతదా? మాటిస్తవా?"

"మాటివ్వలేనండి. నా చేతనైనంతవరకు ఫైలు వెనక తిరుగుతాను."

అబద్ధం చెప్పనందుకు బుచ్చవ్వకు ఆ పిల్ల మీద నమ్మకం కలిగింది. లేవబోతే మోకాళ్లు రాలేదు. ఒక పక్క మనోజ్ఞ, ఇంకో పక్క ఎప్పుడొచ్చాడో పరుశురాం, చెరో రెక్కా పట్టి లేపారు. ఎండకు నేల కాలుతోంది. మనోజ్ఞ ఆమె పాదాల వైపు చూసింది.

"చెప్పులేవండీ?"

బుచ్చవ్వ రోడ్డు వైపు చూపించింది. అక్కడ, జాగ అంచున, ఆమె రబ్బరు చెప్పులు జతగా విడిచి ఉన్నాయి. అమ్మను సాగనంపి ఇన్నాళ్లయినా, ఆ జాగలోకి చెప్పులతో అడుగు పెట్టడం ఆమెకు చేతకాలేదు.

"ఇది బడి జాగ బిడ్డా," అంది, పరుశురాం భుజం పట్టుకుని కాలే నేల మీద నడుస్తూ. "కొట్టుండ్రి మేకు."