ఎడమ రెక్క నాది

ఆ రోజుల్లో, అంటే నాకు పదిహేను నుంచి పదిహేడేళ్ళ మధ్య, చదువంటే మా వంటింటి బల్లే. దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ వైపు మా రెండు గదుల వాటాలో లెక్కలు, కుట్టు, బైబిలు వాక్యం చదువుకోవడం అన్నీ ఆ ఒక్క బల్ల మీదే, అమ్మ దగ్గరే. (బడికి పోలేదని చర్చిలో అందరూ జాలిపడేవారు. ప్రశ్న అడగాలంటే చెయ్యెత్తి నిలబడక్కర్లేని చదువు ఇచ్చినందుకు నేను మాత్రం దేవునికి ఇప్పటికీ స్తోత్రం చెప్పుకుంటాను.) ఆ అడిగే అలవాటే నన్నొక విమానం దాకా తీసుకెళ్ళింది.

మా మేనమామ విమానాల మెకానిక్. ఆయనకు తెలిసిన ఒక ఖతరీ పెద్దాయన, రిటైరైన పైలట్, పెట్టెల్లో విడిభాగాలు తెప్పించి ఇద్దరు పక్కపక్కన కూర్చునే చిన్న విమానం సొంతంగా కట్టుకోవాలని ముచ్చటపడ్డారు. ఆయన్ని మేం కెప్టెన్ గారనేవాళ్ళం. అక్కడ సెలవు శుక్రవారమే; ఆ రోజు మా చర్చి అయ్యాక, ఆయన జుమ్మా నమాజు అయ్యాక, ఊరవతల షెడ్డులో కలుసుకునేవాళ్ళు. అమ్మా నేనూ వండిన క్యారియర్ పట్టుకుని నేనూ వెళ్ళేదాన్ని. రెక్క అంటే రేకనుకున్నాను గానీ, గుడ్డట! చెక్క ఎముకల మీద గుడ్డ తొడిగి, మైనం పట్టించిన దారంతో ముడి ముడికీ కుట్టి, ఇస్త్రీ పెట్టె వేడి చూపిస్తే బిగుసుకుని డప్పులా మోగుతుంది. ఇది తెలిశాక నేనింక క్యారియర్ మోసి ఊరుకుంటానా? మావయ్య నా మొహం చూసి, "కుట్టు వచ్చు కదే కోడలు పిల్లా, ఎడమ రెక్క నీది, కుడిది నాది" అన్నాడు. ఆరు శుక్రవారాలు కుట్టాను, ముడికో చిన్న ప్రార్థన చొప్పున.

మొదటిసారి కెప్టెన్ గారు ఒక్కరే ఎగిరారు. చక్రాలు నేల వదిలినప్పుడు నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. దిగి వచ్చి, మనవాళ్ళ దగ్గర నేర్చిన హిందీలో ఆయన చెప్పింది ఏమిటంటే, లేస్తోంది గానీ బద్ధకంగా లేస్తోంది, పైగా ఎడమకి ఒరుగుతోంది, సరిచేసి సరిచేసి చెయ్యి లాగేసింది అని. మావయ్య ఒక్కసారి నా వైపు చూశాడు. తిట్టినా బాగుండేది.

అక్కణ్ణించి మార్పులు మొదలు. మావయ్య ప్రొపెల్లర్ వంపు మార్చాడు, చక్రాలకి గాలి తగలకుండా తొడుగులు వేశాడు, రెక్క వెనక అంచున చిన్న రేకు అతికించి ఒరుగు సరిచేశాడు. వేగం కాస్త పెరిగింది. ఒరుగు మాత్రం తగ్గినట్టే తగ్గి, నెల తిరక్కుండా మళ్ళీ వచ్చేది. నాకు లోపల ఒకటే గుబులు. రెక్క కుట్టే రోజుల్లో, నాలుగో శుక్రవారం, పలావు చల్లారిపోతోందని ఒక వరస గబగబా కుట్టేశాను. చివరికి ఆ మాట ఒప్పేసుకున్నాను. మావయ్య వచ్చే శుక్రవారం ఎడమ రెక్క గుడ్డ మొత్తం కోసేసి తనే మళ్ళీ కుడతానన్నాడు.

ఆ వారమంతా నా ప్రార్థన ఒకటే: ప్రభువా, తప్పు నాదైతే చూపించు, కాకపోతే అదీ చూపించు. శుక్రవారం మావయ్య కత్తి తీశాడు. నేను రెక్క పక్కన నిలబడి, ఎందుకొచ్చిందో తెలీదు, ఒక ప్రశ్న అడిగాను.

"మావయ్యా, కెప్టెన్ గారి బరువు ఎంతని లెక్క వేశావు?"

"ఆయన చెప్పిందే. ఎనభై ఒకటి."

"ఎప్పుడు చెప్పారు?"

కత్తి ఆగిపోయింది. చెప్పింది పని మొదలెట్టినప్పుడు, అంటే రెండేళ్ళ కిందట. ఇద్దరం మెల్లిగా తిరిగి చూశాం. తను కూర్చునే ఎడమ సీటు ఇరుకైపోయిందని పోయిన వారమే చెప్పిన కెప్టెన్ గారు, కోడి పలావు రెండోసారి వడ్డించుకుంటున్నారు.

"నువ్వడుగు" అన్నాడు మావయ్య గొంతు తగ్గించి. నేనా అన్నాను. "నువ్వు చిన్నపిల్లవి, ఏమీ అనుకోరు. పెద్దమనిషిని లావెక్కారని నేనెలా అంటానే?"

చివరికి విమానంలోకి ఎక్కేవన్నీ తూచాలని వంక పెట్టాం. పనిముట్ల సంచి, హెడ్‌సెట్లు, నేను (నలభై నాలుగు), మావయ్య, వరసగా కాటా ఎక్కాం. తూకమంటే ఎవరికి సరదా ఉండదు? కెప్టెన్ గారు తనంతట తనే వచ్చి ఎక్కారు. తొంభై తొమ్మిది. దిగి, చెప్పులు విడిచి మళ్ళీ ఎక్కారు. కాటాకి దయ లేదు.

"ప్రొపెల్లర్ మార్చారు, చక్రాలు మార్చారు" అన్నారు ఆయన నిదానంగా, "మార్చాల్సింది నన్నా?"

మేం నేల చూపులు చూస్తున్నాం. ముందు ఆయన పొట్ట కదిలింది, తర్వాత నవ్వు బయటికొచ్చింది. "ఖలాస్, ఆ కత్తి లోపల పెట్టు. అమ్మాయీ, కుడి పక్క నువ్వు కూర్చో."

అమ్మకి ఫోన్ చేస్తే, ముందు ఆయన తిన్నారా అని అడిగి, సరే అంది.

కళ్ళు మూసుకుని ప్రార్థిస్తూనే ఉందామనుకున్నాను. నేల వదిలేలోపే తెరిచేశాను. పైకి వెళ్ళాక కెప్టెన్ గారు విమానం నడిపే కర్ర మీది నుంచి రెండు చేతులూ తీసేసి నాకు చూపించారు. విమానం అరచేతిలో పళ్ళెంలా నిలబడింది. కింద ఇసుక, దాని పక్కన లేత ఆకుపచ్చ సముద్రం. అవతల కిటికీలోంచి నా రెక్క. ఎవరూ కొయ్యని రెక్క.

తర్వాత ఆయన రెండో వడ్డన మానేశారు, విమానం చురుగ్గా లేవడం మొదలెట్టింది. ఆ పదిహేడేళ్ళ పిల్లని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. నిర్దోషినని తేలినందుకు వారం రోజులు స్తోత్రాలు చెల్లించింది గానీ, రెండేళ్ళు ఆ పలావులో నెయ్యి ధారాళంగా పోసింది తనేనన్న సంగతి దేవునికి కూడా చెప్పలేదు.