పొగ రాని ఇల్లు

మా అక్క అత్తవారింట్లో పొయ్యికి జరిగే మర్యాద మా అక్కకి జరిగేది కాదు. పొద్దున్నే పొయ్యిని అలికి ముగ్గు వేసి, పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టించేవారు. ఆ పొయ్యి ముందు కూర్చున్న మనిషికి కళ్లు తుడుచుకునే తీరిక కూడా ఇచ్చేవారు కాదు. ఈ సంగతి తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మధ్యమధ్య నవ్వులాటగా మాట్లాడితే అది నా నోటి దురద. కోపం చల్లారిందని ఎవరూ అనుకోవద్దు.

ఆ ఇల్లు కొల్లేటి లంకలో ఉంది. చుట్టూ నీళ్లు, నీళ్ల నిండా కిక్కిస గడ్డి. కట్టెపుల్ల కావాలంటే పడవ మీద రావాలి. అందుకని పిడకలూ, ఎండీ ఎండని కిక్కిస దుబ్బులూ పొయ్యిలో పెట్టేవారు. వంటిల్లు తాటాకు పాక. దానికి కిటికీ పెట్టాలన్న ఆలోచన ఆ వంశంలో ఎవరికీ రాలేదు. పొగ లోపలంతా తిరిగి, మా అక్కని పలకరించి, తీరుబడిగా కప్పులోంచి పైకి లేచేది. అవతలి లంకలో వాళ్లు దాన్ని చూసి, ఆ ఇంట్లో వంట అవుతోందని చెప్పుకునేవారు.

ఒక వానాకాలం అక్క కళ్లు ఎర్రబడి, వాచి, తెరవడానికి రాకుండా పోయాయి. ఏలూరు తీసుకొచ్చి ఆస్పత్రిలో చూపించాను. ఎడమ కంట్లో పువ్వు మొదలయిందని డాక్టరమ్మ చెప్పింది.

“మందు ఇస్తాను. కానీ మళ్లీ వెళ్లి పొగలో కూర్చుంటే నా మందు దండగ. రెండు కళ్లూ పోతాయి.”

ఆ మాట బావకి చెప్పాను. మా బావ మంచివాడు. ఆ మంచితనం ఎవరికైనా ఉపయోగపడగా నేను చూడలేదు. “అమ్మతో చెబుతానయ్యా” అన్నాడు. చెప్పాడు కూడా. అక్క అత్తగారు నన్ను పిలిపించారు.

“మేమంతా పొగలో పుట్టి పొగలో పెరిగినవాళ్లమే అబ్బాయీ. మాకు లేని కళ్లు మీ అక్కకే వచ్చాయా?”

“మీకు లేవనేనండీ నా బాధ కూడా” అన్నాను.

ఆవిడ చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రోజులు హాయిగా గడిచాయి.

నాది ఏలూరులో పటాలు కట్టే కొట్టు. మూడో క్లాసులో ఉండగా బడి వదిలేశాను. అందుకు బడి బాధపడిన దాఖలా ఏమీ లేదు. దేవుళ్ల పటాలు, పోయినవాళ్ల ఫోటోలు, పెళ్లిళ్లలో ఇచ్చే అద్దాలు, వీటితోనే నా బతుకు. ఒకసారి ఎవరిదో పెద్దాయన ఫోటో కట్టి, వెనక నల్లగుడ్డ వేసి, బంక ఆరాలని డాబా మీద ఎండలో పడుకోబెట్టి మర్చిపోయాను. మధ్యాహ్నం తియ్యబోతే చెయ్యి చురుక్కుమంది. లోపల బంక కరిగి పెద్దాయన నడుం దాకా జారిపోయి ఉన్నాడు. ఆయన కొడుకుతో చీవాట్లు తిన్నాను గానీ, గాజు లోపలికి వెళ్లిన ఎండకి బయటికొచ్చే దారి తెలియదని ఆ రోజు నాకు అర్థమైంది.

ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ, పొయ్యి లేకుండా ఆ వేడితోనే అన్నం ఉడకదా అని బుర్రలో తిరిగేది. టీ పొడి వచ్చే చెక్కపెట్టె ఒకటి తెచ్చాను. కిరసనాయిలు డబ్బాలు విప్పి, రేకుని పెట్టె లోపల ఇంకో చిన్న పెట్టెగా మడిచాను. రెంటి మధ్య సందులో తాడేపల్లిగూడెం మిల్లు నుంచి తెచ్చిన ఊక దట్టంగా కూరాను. లోపలి రేకుకి దీపం మసి బంకలో కలిపి పూశాను. పైన గాజు బిగించాను. మూతకి లోపలివైపు అద్దం అతికించి, ఎండ పెట్టెలోకి పడేలా పుల్లతో నిలబెట్టాను.

మొదటిసారి పప్పు ఉడకలేదు. గాజు మాత్రం పగిలింది. రెండోసారి ఆవిరి అంచుల్లోంచి పోయి బియ్యం నానిన బియ్యంలాగే ఉంది. పక్క కొట్లో బట్టలు కుట్టే ఆయన రోజూ వచ్చి వాకబు చేసేవాడు.

“ఎవరి పటం కడుతున్నారండీ?”

“సూర్యుడిదండీ. ఇంకా కుదురుగా కూర్చోవడం లేదు.”

చివరికి ఒక గాజు మీద వేలెడు ఎడంగా ఇంకో గాజు వేసి, అంచుల చుట్టూ గుడ్డపేలిక కుక్కితే కుదురుకున్నాడు. నానబెట్టిన కందిపప్పు పొద్దున పెడితే, మధ్యాహ్నానికి వేళ్ల మధ్య మెత్తగా నలిగింది. అలాంటిదే ఇంకొకటి చేశాను. శివరాత్రి వెళ్లాక రెంటినీ పడవలో వేసుకుని లంకకి వెళ్లాను.

అత్తగారు పెట్టెల చుట్టూ ఒకసారి తిరిగారు.

“ఇందులో ఎవర్ని పెట్టి తీసుకెళ్దామనయ్యా?”

“మీరు పట్టరండీ” అన్నాను.

మావయ్యగారు, అంటే అక్క మావగారు, వసారాలో నులకమంచం మీద పకపకా నవ్వారు. ఆయన చాలాకాలంగా మంచంలోనే ఉన్నారు. ఇవాళో రేపో అని లంకంతా అనుకుంటోంది, ఆయన మాత్రం ఎవరి మాటా ఖాతరు చెయ్యకుండా బతుకుతున్నారు. “పెట్టనియ్యవే, చూద్దాం” అన్నారు. అలా మర్నాడు ఒక పెట్టెలో అన్నం, ఇంకోదాంట్లో పప్పు పెట్టాం. పొద్దున అందరూ చద్దన్నమే తింటారు కాబట్టి ఆ పూట పొయ్యి రాజెయ్యలేదు. అక్క చూరు కింద నిలబడి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చూసింది.

“ఏం చెయ్యమంటావురా ఇప్పుడు?”

“కూర్చో.”

“కూర్చుని?”

“ఊరికే కూర్చోవే.”

“అలవాటు లేదురా” అంది.

పొద్దు నడినెత్తికి రాబోతుండగా రేవులో ఏడుపు వినిపించింది. తాటిదోనెలోంచి ఒక పెద్దావిడ, అత్తగారికి అక్క, జుట్టు విరబోసుకుని దిగుతోంది. వెనక వాళ్ల అబ్బాయి అన్నం గుండిగె మోసుకొస్తున్నాడు. మా వైపు ఎవరైనా పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు, చుట్టాలే వండి తెస్తారు. ఈ ఇంటి కప్పు మీద పొగ లేకపోవడం అవతలి లంకలో చూశారు. మంచంలో ఉన్న మనిషి సంగతి వాళ్లకి తెలిసిందే. రెండూ కలుపుకుని బయలుదేరారు.

ఆవిడ ఏడుస్తూ వాకిట్లోకి వచ్చేసరికి మావయ్యగారు లేచి కూర్చుని ఉన్నారు.

“ఏవండీ వదినగారూ, ఎవరు పోయారండీ?”

ఆవిడ రాగం మధ్యలో ఆపి ఆయన్ని పైనుంచి కింద దాకా చూసింది.

“పొగ కనపడలేదండీ. అందుకనీ...”

“అన్నం ఎలాగూ తెచ్చారు, దింపండి” అన్నాను నేను. మావయ్యగారు దగ్గొచ్చేదాకా నవ్వారు.

అత్తగారు నవ్వలేదు. లోపలికి వెళ్లి రోకలి తెచ్చి రెండు పెట్టెల గాజులూ బద్దలుకొట్టారు. ఉడుకుతున్న అన్నం నిండా గాజుముక్కలు.

“బతికున్న మనిషికి నా ఇంట్లో ఏడుపు పెట్టించావు కదయ్యా.”

“పొగే కావాలంటే దొడ్లో రెండు పిడకలు ముట్టిద్దామండీ. చూసేవాళ్లకి పొగ కనపడుతుంది, మా అక్కకి కళ్లు కనపడతాయి.”

“పొగ కోసం పొగ పెట్టుకుంటారా ఎక్కడైనా?”

“ఇన్నాళ్లూ మీరు చేస్తున్నది అదేగా.”

మా బావ వంగి గాజుపెంకులు ఏరుతున్నాడు, ఎవరి కాళ్లకైనా గుచ్చుకుంటాయట. పెళ్లాం కళ్లలో గుచ్చుకుంటున్నదాన్ని తియ్యడానికి ఆ నడుం ఒక్కరోజు వంగి ఉంటే నేను అతన్ని నెత్తిన పెట్టుకునేవాణ్ణి.

అక్క గొంతు పెంచలేదు. “మనిషి పోతే పొయ్యి ఆర్పుతారు కదండీ అత్తయ్యగారూ. నా కన్ను పోతోందండీ. దానికి ఎవరూ ఆర్పరా?” అంది.

రాత్రి వంటకి పొయ్యి అక్కే రాజేసింది. నాతో ఏలూరు వచ్చెయ్యమంటే, “వస్తే మళ్లీ గడప తొక్కనివ్వరురా” అంది.

తర్వాతి వానలకి ఎడమ కన్ను పువ్వు కప్పేసింది. ఆపైన కుడి కన్ను మసకలు కమ్మింది. కూరలో ఉప్పు రెండుసార్లు పడిందని, కళ్లు ఆననిది వంటకి పనికిరాదని అత్తగారు అక్కని పొయ్యి దగ్గర్నుంచి లేపేశారు. పొగలోంచి బయటపడటానికి మా అక్కకి ఆ ఇంట్లో దొరికిన దారి అదొక్కటే. పొయ్యి ముందు పీట మీద కొత్తగా కాపరానికొచ్చిన చిన్నకోడల్ని కూర్చోబెట్టారు. పీట ఖాళీగా ఉండకూడదు కదా.

నేను వెళ్లేసరికి అక్క వసారాలో గోడకి చేరబడి ఉంది. చిన్నకోడలు పాకలోంచి దగ్గుతూ వచ్చి, కొంగుతో కళ్లు ఒత్తుకుని మళ్లీ లోపలికి పోయింది. అక్క తల అటు తిప్పింది.

“ఒరేయ్, గాజులు పట్రా” అంది. “ఈసారి పెట్టెలు నా ఒంటికి ఆనించి పెట్టు. రోకలి ఎత్తితే ముందు నా నెత్తి మీద పడాలి.”

ఏలూరు వెళ్లి గాజులు కోసి తెచ్చాను. పాత పెట్టెలు దొడ్లో కోళ్లగూళ్లయి ఉన్నాయి. కోళ్లని తోలి, ఊక మార్చి, మసి పూసి ఎండలో పెట్టాను. అక్క మధ్యలో కూర్చుని ఒక్కోదాని మీద ఒక్కో చెయ్యి వేసింది. చిన్నకోడలు బియ్యం గిన్నె పట్టుకుని వాకిట్లో నిలబడి ఒకసారి అత్తగారి వైపు, ఒకసారి అక్క వైపు చూస్తోంది.

“పొగ రాకపోతే ఊరేమనుకుంటుందే?” అన్నారు అత్తగారు గడపలోంచి.

“ఎవరో పోయారనుకుంటుందండీ. వచ్చి చూసి వెళ్లనివ్వండి” అని, అక్క బియ్యం గిన్నె కోసం చెయ్యి చాపింది.