కొడుకుతో ఒక్క పోట్లాట కోసం

కన్నకొడుకు తనను ఎదిరించి పోట్లాడాలన్నది సూర్యప్రకాశ్‌గారి జీవితాశయం. మస్కట్‌లో, అజైబా పేటలోని ఇరుగుపొరుగు తండ్రులందరూ కొడుకులు మాట వినడం లేదని వాపోతూ ఉంటే, ఆయన మాత్రం తన కొడుకు మాట వింటున్నాడని దిగులుపడేవారు.

ఈ జబ్బును ఆయనకు అంటించినవి ఆధునిక అమెరికన్ నాటకాలు. పగలంతా ఒక కంపెనీలో పంపుల ఇంజినీరు. సాయంత్రమైతే ఆ నాటకాలే లోకం. వాటిలో తండ్రి ఒక కల కంటాడు. అది నాది కాదంటాడు కొడుకు. ఇద్దరూ గొంతులు చించుకుంటారు. ఆఖరికి ఎవరో ఒకరు తలుపు ధడాలున వేసుకుని వెళ్లిపోతారు. పుస్తకం మూసి ఆయన భార్య దమయంతి వంక చూసేవారు.

"ఎంత చక్కగా తిట్టుకున్నారోయ్! మనింట్లో ఏముంది? సాంబారు."

పన్నెండో తరగతి చదువుతున్న కొడుకు భానుతేజకు తెలిసిన జవాబు ఒక్కటే.

"ఒరేయ్ భానూ, రేపటినుంచి నీ క్రికెట్టు బంద్."

"అలాగే నాన్నగారూ."

"అలాగేమిటిరా! ఎందుకని అడుగు."

"ఎందుకు నాన్నగారూ?"

"నా ఇష్టం!"

"అలాగే నాన్నగారూ."

ఒకనాడు కుర్రవాడి గది తలుపు ధడాలుమంది. సగం గీసిన గడ్డంతోనే ఆయన పరుగెత్తుకొచ్చారు.

"కోపం వచ్చిందిట్రా?"

"గాలికి పడింది నాన్నగారూ. క్షమించండి."

ఆ పూట ఆయన కాఫీ కూడా ముట్టలేదు.

భానుతేజ ప్రాణమంతా రాళ్లలో ఉంది. నిజ్వా ఊరికి వెళ్లే దారిలో ఎండిన వాగు కనబడితే చాలు, కారు ఆపించమని తల్లి చెవిలో గొణిగేవాడు. వాడి మంచం కింద చెప్పులకన్నా రాళ్లే ఎక్కువ. భూగర్భశాస్త్రం చదవాలని ఉందని తల్లితో మాత్రమే చెప్పుకున్నాడు. తండ్రి ఇంజినీరింగంటే వీడు 'అలాగే' అని ఊరుకుంటాడేమోనన్నదే దమయంతి భయం.

1992లో కాలేజీ దరఖాస్తును బడి ఆఫీసులో ఇవ్వవలసిన ఆఖరి రోజు రానే వచ్చింది. ఉదయమే సూర్యప్రకాశ్‌గారు అంటించిన కవరు ఒకటి బల్లమీద పెట్టారు.

"ఇంజినీరింగ్ అని నింపేశాను. నా కల అది. ఏమంటావు?"

భానుతేజ తల దించుకున్నాడు.

"ఏమండీ, వాడినొక్కసారి..." అంది దమయంతి.

"నువ్వుండవోయ్. ఆ రాళ్లన్నీ ఇవాళే చెత్తలో పోయిస్తాను!"

కుర్రవాడి చెవులు ఎర్రబడ్డాయి. "పోయనివ్వను."

"ఏమన్నావ్?"

"పోయనివ్వనన్నాను! పంపులు మీకిష్టమైతే మీరే చదువుకోండి. నేను రాళ్లే చదువుతాను. మీరు ఒప్పుకున్నా సరే, ఒప్పుకోకపోయినా సరే!"

అంతటితో ఆగక, కవరు అందుకుని నాలుగు ముక్కలు చేసి, గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు.

సూర్యప్రకాశ్‌గారి ముఖం పెళ్లికొడుకు ముఖంలా వెలిగింది. మరుక్షణమే నేలమీద చతికిలబడి ముక్కలు ఏరసాగారు. సాయానికి వంగిన దమయంతికి ఒక ముక్క దొరికింది. దానిమీద ఆయన చేతిరాతలో ఉన్నది ఇంజినీరింగ్ కాదు, భూగర్భశాస్త్రం.

"మీకు ముందే తెలుసా! మరి ఈ రాద్ధాంతమెందుకండీ?"

"ష్! వాడి మంచం కింద చూస్తే తెలియదుటోయ్? నేనిస్తే నా దయ అవుతుంది. వాడు గెలుచుకుంటే వాడిదవుతుంది. మా నాన్న ముందు నేనోసారి నోరు తెరిచి ఉంటే, ఈ పంపుల పక్కన ఉండేవాణ్ణా?" అని, చేతిలోని ముక్కలను బిక్కమొహంతో చూశారు. "కానీ చింపుతాడని ఏ నాటకంలోనూ లేదే!"

కొత్త ఫారం కోసం గంటలోపల ముగ్గురూ బడి ఆఫీసులో ఉన్నారు. హైదరాబాదు నుంచి వచ్చి అక్కడ గుమాస్తాగా పనిచేస్తున్న గౌహర్ బేగం ముక్కలను చూసి కళ్లద్దాలు సవరించుకుంది.

"ఎవరు చింపిన్రు సాబ్? ఒక్కటే ఫారం మిగిలింది. పిల్లగాడు చింపిండంటే పెద్దసార్ సంతకం పెట్టడు."

"నేనే చింపానమ్మా. నాకు కోపమెక్కువ," అన్నారు సూర్యప్రకాశ్‌గారు.

"అబద్ధం!" అన్నాడు భానుతేజ, ఆఫీసంతా తిరిగి చూసేలా. "చింపింది నేను. నాన్నగారు కాదు."

"గింతమంది ముందట నాయనది అబద్ధమంటవా?"

"విన్నారా?" సూర్యప్రకాశ్‌గారి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. "ఒక్క రోజులో రెండోసారండీ!"

గౌహర్ బేగం తండ్రిని చూసింది, కొడుకును చూసింది. ముక్కలను తన సొరుగులోకి తోసేసి, ఉన్న ఒక్క ఫారాన్నీ దమయంతి చేతిలో పెట్టింది.

"మీరు నింపున్రి అమ్మా. వీళ్లకిస్తే మళ్ల చింపుతరు."

దమయంతి కలం తీసుకుని, భూగర్భశాస్త్రం దగ్గర నిదానంగా గుర్తు పెట్టింది.

"నన్ను అడగవుటోయ్?" అన్నారాయన, కొడుకు వినేలా, ఎంతో గంభీరంగా.

"అడగనండీ," అంది ఆమె, తలెత్తకుండానే.