కారు చావికి ఎర్ర ట్యాగు

జిన్నారం మండలంలోని ఒక మందుల కర్మాగారంలో సేఫ్టీ ఆఫీసరుగా నా ఉద్యోగ జీవితపు చివరి పదేళ్ళు గడిచాయి. ఇప్పుడు చెప్పబోయేది నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు, కరోనా తగ్గాక వచ్చిన రెండో వానాకాలం చివర్లో జరిగింది. సేఫ్టీ ఆఫీసరు జీతంలో మేనేజర్ల కింద, సంతకంలో వాళ్ళకు పైన. నేను సంతకం పెట్టందే ఏ మరమ్మతూ మొదలుకాదు. పైగా నాకు ముక్కు మీద కోపం. వెనకాల అందరూ నన్ను 'ట్యాగు మేడం' అనేవాళ్ళు. ఆ సంగతి నాకు తెలుసని వాళ్ళకూ తెలుసు.

ఆ పేరు ఊరికే రాలేదు. యంత్రంలో చెయ్యి పెట్టే ముందు దానికి కరెంటో గాలో ఆవిరో వచ్చే దారి మూసి తాళం వేస్తారు. తాళానికి ఎర్ర అట్ట కట్టి, పనిచేసేవాడు దాని మీద తన పేరు రాస్తాడు. అదే ట్యాగు. ఎంతమంది చెయ్యి పెడితే అన్ని తాళాలు, అన్ని ట్యాగులు. పేరున్న మనిషే వచ్చి తీయాలి, ఫ్యాక్టరీ మేనేజరు తీసినా తప్పే. దీనికి తోడు పర్మిట్ అనే కాగితం ఉంటుంది. పని ఏమిటి, ప్రమాదం ఏమిటి, తీసుకున్న జాగ్రత్త ఏమిటి అని అందులో రాస్తారు. పని చేసినవాడిది ఒక సంతకం, పని చేయకుండా పరీక్షించినవాళ్ళది రెండో సంతకం.

ఒక రోజు మధ్యాహ్నం మా సీనియర్ ఫిట్టర్ సత్తార్ భాయ్ అలాంటి పర్మిట్ ఒకటి నింపుకొని నా గదికి వచ్చాడు. ఫ్యాక్టరీలో గాలి పైపులు, కంప్రెసర్లు అన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. లైను పక్కన నడుస్తూనే ఎక్కడ లీకుందో చెవితో పట్టేవాడు. కాగితం చదివాను. పని: కారుకు నాలుగు చక్రాల దగ్గర ఎయిర్ సస్పెన్షన్ బిగించుట. స్థలం: మా ఇల్లు. ప్రమాదం: బండి కిందికి దిగుట. రెండో సంతకం ఖాళీగా ఉంది.

కంపెనీ ఫారాలు ఇంటి పనికి వాడుకుంటారా అని కేకలేశాను. ఆయన నింపాదిగా అన్నాడు, "ఫారం కంపెనీదే మేడం, పానం నాది గద."

ఆ తర్వాత అసలు సంగతి చెప్పాడు. భార్య జుబేదాకు వెన్నెముక ఆపరేషన్ అయింది. కుదుపులు తగలకూడదన్నది డాక్టరు మొదటి మాట. వారం వారం సంగారెడ్డికి ఫిజియోథెరపీకి రావాలి, మానితే ఎడమ కాలి తిమ్మిరి అట్లాగే ఉండిపోవచ్చన్నది రెండో మాట. వాళ్ళ ఊరి నుంచి పెద్ద రోడ్డు దాకా దారినంతా ట్యాంకర్లు దున్నిపెట్టాయి. పక్కింటి మల్లేశం ఆటోలో రెండుసార్లు వెళ్ళింది, రెండుసార్లూ ఏడుస్తూ తిరిగొచ్చింది. తర్వాత రెండు వారాలు మానేసింది. ఇంట్లో పాత కారు ఉంది కానీ దాని స్ప్రింగులు మొద్దుబారాయి.

ఎయిర్ సస్పెన్షన్ అంటే ఇనుప స్ప్రింగుల చోట గాలి నింపిన రబ్బరు సంచులు. డిక్కీలో చిన్న కంప్రెసరు, గాలి నిల్వకు ఒక ట్యాంకు, ఏ సంచికి ఎంత గాలి కావాలో చూసుకునే ఒక పెట్టె. గుంతల కుదుపును చాలావరకు గాలే మింగేస్తుంది. పటాన్‌చెరులో ఇద్దరు మెకానిక్కులు కారు వదిలి వెళ్ళమన్నారట. ఈయన ఒప్పుకోలేదు. "గాలి పని నాది మేడం. ఇంకొకని చేతుల ఎట్ల పెడ్త? ఆమె నడుం సంగతి ఇది." ఇట్లాంటి మార్పుకు రవాణా ఆఫీసు అనుమతి కావాలి, ఆ కాగితం చూపిస్తేనే వస్తానన్నాను. ముందే తీసి ఉంచాడట, మర్నాడే తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

ఆదివారం పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. తప్పులు పట్టుకోవాలనే వెళ్ళానని ఒప్పుకుంటాను. వాకిట్లో అడుగు పెట్టగానే సగం ఉత్సాహం చచ్చిపోయింది. వాన మట్టిలో జాకీ దిగబడుతుందని ముందే కాంక్రీటు గచ్చు పోయించాడు. కారు నాలుగు ఇనుప స్టాండ్ల మీద ఉంది. స్టాండు జారినా మనిషి నలగకుండా, విప్పిన చక్రాలను పక్కల కింద పడుకోబెట్టాడు. ఏ చక్రం బోల్టులు ఆ చక్రం పేరు రాసిన బిస్కెట్ డబ్బా మూతలో ఉన్నాయి. ఆఖరి బిగింపు అయిన ప్రతి నట్టు మీదా తెల్ల రంగు గీత. కొన్ని నట్లకు గీత లేదేమని అడిగాను. అవి కీళ్ళ మధ్య మెత్తకు వేసే రబ్బరు బుష్షులవి, బండి బరువు చక్రాల మీద పడ్డాకే బిగించాలి, గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి చిరుగుతుందన్నాడు. చదువుకున్న ఇంజనీర్లు సైతం మరిచిపోయే విషయమది.

గాలి పరీక్ష శనివారమే పెట్టాడు. ప్రతి కీలు మీదా సబ్బు నురగ పూసి, గాలి నింపి, ముల్లు ఎక్కడుందో గేజి అద్దం మీద గీత పెట్టాడు. ఒక కీలు దగ్గర ఒక్క బుడగ లేచిందట. పైపు చివర సూటిగా కోసి మళ్ళీ అతికించాడు. ఆదివారం నేను చూసేసరికి ముల్లు గీత మీదే ఉంది. ముప్పై ఏళ్ళలో ఇంత శుభ్రమైన పని నాలుగైదు చోట్ల చూశానేమో, అవీ కంపెనీల్లో. నాకు నిజంగా ముచ్చటేసింది. నోటితో మాత్రం "పర్వాలేదు" అన్నాను.

చక్రాలు ఎక్కించి, స్టాండ్లు తీసి, బుష్షులు బిగించి, కారును గాలితో పూర్తి ఎత్తుకు లేపాడు. తాళం మళ్ళీ తిప్పగానే ఆ పెట్టె గాలి వదిలి బండిని ప్రయాణపు ఎత్తుకు దింపుతుందని నాకు వివరంగా చెప్పాడు. తర్వాత ఇంజను ఆపి, తాళంచెవి తీసి, ఆ చావికి ఎర్ర ట్యాగు కట్టి, దాని మీద తన పేరు రాసి, తలుపు దగ్గర నడుముకు బెల్టుతో కుర్చీలో కూర్చున్న జుబేదా చేతికిచ్చాడు. ఇంట్లో కూడా ఇదేం చాదస్తమని నవ్వాను. ఆయనా నవ్వి, చేతులు కడుక్కోవడానికి ఇంటి వెనక్కి వెళ్ళాడు.

నాకు వెనక ఎడమ చక్రం దగ్గర గాలి పైపు టైరుకు రాసుకుంటుందేమోనని అనుమానం. కంటికి ఆనలేదు. వంగి, టైరుకూ పైనున్న రేకుకూ మధ్య సందులోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి తడుముతున్నాను. అప్పుడే అటువైపు నుంచి మల్లేశం వచ్చాడు. కారు చాటున వంగి ఉన్న నేను అతనికి కనిపించలేదు.

"అక్కా, అయిపోయిందా? చావి ఇయ్యి, ఒక్కపారి ఇంజన్ చాలు జేసి సూస్త."

"ఇయ్య తమ్మీ."

"ఏందక్కా, నేనేమన్న బయటోణ్నా? బావ డూటీకి పోతె నిన్ను తోల్కపోయేది నేనే గద."

"దీని మీద మీ బావ పేరున్నది. ఆయనొచ్చి తీస్తెనే."

"జెర తిప్పి సూస్తనే అక్కా, నడపను."

"ఇయ్యనంటున్న గద. కోపమొస్తె రానియ్యి."

నా చెయ్యి ఇంకా సందులోనే ఉంది. తీయాలని తోచడానికి ఒక క్షణం పట్టింది. చటుక్కున బయటికి లాక్కున్నాను. లేచి నిలబడేసరికి సత్తార్ భాయ్ ఎదురుగా ఉన్నాడు. గ్రీజంటిన నా చేతినీ, కారునూ చూశాడు. అందరినీ దూరంగా నిలబెట్టి, ట్యాగు విప్పి, తాళం తిప్పాడు. బుస్సుమంటూ కారు నాలుగు వేళ్ళ మందం కిందికి దిగింది. నేను చెయ్యి పెట్టిన సందులో ఇప్పుడు రెండు వేళ్ళు పట్టవు.

దీపం కిందే చీకటి అంటారు. వేలమందికి నేర్పిన నేను, నా పేరుతో ట్యాగు లేకుండా చెయ్యి పెట్టాను. ఫ్యాక్టరీలో అయితే పెట్టను. అక్కడ నాకు యంత్రం కనిపిస్తుంది, ఇక్కడ కారు మాత్రమే కనిపించింది. పర్మిట్ అడిగి తీసుకున్నాను. దాని క్లిప్పుకు ఇంకో ఎర్ర ట్యాగు వేలాడుతోంది. దాని మీద ఆయన చేతిరాతతో నా పేరు. నా కోసం సిద్ధం చేసిపెట్టి కూడా ఇవ్వలేదు.

ఎందుకివ్వలేదని అడిగాను.

"మీకు నేను చెప్పుడేంది మేడం అని ఊకున్న. తప్పు నాదే," అన్నాడు, తల దించుకుని.

తప్పు ఆయనది కాదు. నా ఎదుట అందరూ అట్లా ఊరుకునేలా చేసుకున్నది నేనే. పర్మిట్ అడుగున ఉల్లంఘనలు రాసే చోట నా పేరు, చేసిన తప్పు రాశాను. కారును మళ్ళీ లేపించి, చావికి నా ట్యాగు కూడా కట్టి, పైపు చూశాను. టైరుకూ దానికీ వేలెడు దూరం ఉంది. అయినా రెండు క్లిప్పులు అదనంగా వేయించి, అప్పుడు రెండో సంతకం పెట్టాను.

సత్తార్ భాయ్ నడిపాడు. జుబేదా ముందు కూర్చుంది, నేను వెనక. అలిగిన మల్లేశం ఆటోలో వెంట వచ్చాడు. పెద్ద గుంత వచ్చినప్పుడు ఆమె అలవాటుగా పైన పిడి పట్టుకోబోయింది. కారు మెత్తగా దిగి లేచింది. ఆమె చెయ్యి దించి ఒడిలో పెట్టుకుంది. "మంగళారం పోదాం," అంది భర్తతో. సత్తార్ భాయ్ చాలాసేపు రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. నాకు కళ్ళు తడిశాయి. మంగళవారం వెళ్ళారు, తర్వాత ఏ వారమూ మానలేదు.

సోమవారం షిఫ్టుకు ముందు జరిగే సమావేశంలో ఆ పర్మిట్ నా పేరుతో సహా చదివి వినిపించాను. ఎవరూ నవ్వలేదు. మిగిలిన రెండేళ్ళూ శిక్షణలో మొదటి పాఠం మార్చాను. అంతకుముందు తాళం వేయడం నేర్పేదాన్ని. ఆ తర్వాత జుబేదాలా 'ఇయ్య' అనడం ముందు నేర్పాను. కొత్తవాడి చేతికి ట్యాగు కట్టిన తాళంచెవి ఇచ్చి, కాసేపయ్యాక నేనే వెళ్ళి నా హోదా అంతా గొంతులో పెట్టుకుని ఇమ్మని అడిగేదాన్ని. ఇచ్చినవాణ్ణి ఆ రోజు పనిలోకి దిగనిచ్చేదాన్ని కాదు.