నారికురుపు నేర్పిన ఇంగ్లీషు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో వేసవి వచ్చిందని తెలిపేది ఎండ కాదు, చీము వాసన. శింగనమల దాపున ఒక పల్లె మాది. వానలు మొహం చాటేసిన ఏడాది చేదబావులన్నీ ఎండిపోయి, ఊరంతటికీ ఒక్క దిగుడుబావే మిగిలేది. మెట్ల మీదుగా దిగి, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి కడవలు ముంచుకోవడం అందరికీ అలవాటు. ఆ నీళ్ళు తాగిన వాళ్ళకు మరుసటి వేసవిలో కాలి మీద బొబ్బ లేచేది. బొబ్బ పగిలితే అందులోంచి తెల్లటి దారం లాంటి పురుగు తల బయటపెట్టేది. దాన్ని నారికురుపు అనేవాళ్ళు. గట్టిగా లాగితే పురుగు తెగుతుంది, తెగితే కాలు కుళ్ళుతుంది. అందుకని దాన్ని ఒక పుల్లకు చుట్టి, రోజూ కాస్త కాస్త తిప్పుతూ బయటికి తీసేవాళ్ళు. కాలికి ఆ పుల్ల వేలాడుతూ ఉండగానే అరుగుల మీద కూర్చుని సంగటి తినే మనుషులను చూస్తూ నేను పెరిగాను.

ఒక కరువు ఏడు మా తాతయ్యకు చీలమండ దగ్గర కురుపు లేచింది. నిప్పు పెట్టినట్టు మంట. మంట తట్టుకోలేక పొద్దునా సాయంత్రమూ బావిలోకి దిగి, కాలు చల్లటి నీళ్ళలో పెట్టుకుని మెట్టు మీద కూర్చునేవాడు. కురుపు ఉన్న వాళ్ళందరూ చేసే పనే అది. ఆ కాలు నానుతున్న నీళ్ళలోనే మా అమ్మ కడవ ముంచేది. ఆ నీళ్ళే మా చెల్లెలికి పట్టేది. చెల్లెలు అప్పుడప్పుడే తల్లిపాలు మాని నీళ్ళకు అలవాటు పడుతోంది.

నాకు చదువు పిచ్చి. శింగనమలలో రెండు బీరువాల చిన్న గ్రంథాలయం ఉండేది. సెలవు రోజున నడిచిపోయి, చేతికి దొరికిన పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా చదివి వచ్చేదాన్ని. బడిలో చెప్పని సంగతులు ఎన్నో అక్కడే సొంతంగా నేర్చుకున్నాను. ఆ గర్వం ఈ వయసులోనూ పోలేదు. నీటి జబ్బుల గురించిన ఒక పలచని పుస్తకం అక్కడే కంటబడింది. కురుపు కాలు నీళ్ళలో పెడితే పురుగు పిల్లలు లెక్కలేనన్ని నీళ్ళలోకి పోతాయనీ, కనిపించీ కనిపించని నీటిపురుగులు వాటిని మింగుతాయనీ, ఆ నీటిపురుగులను మనం తాగుతామనీ అందులో ఉంది. ఆ పూట నీళ్ళు ముట్టలేకపోయాను.

ఇంగ్లీషు మాత్రం పక్కింటి అక్క దగ్గర నేర్చుకునేదాన్ని. వాళ్ళది పరుపులు కుట్టే సాయిబుల ఇల్లు. అక్క అనంతపురంలో వాళ్ళ అత్త ఇంట్లో ఉండి చదువుకుని వచ్చింది. ఆ రోజుల్లో మాకు మస్ట్, షుడ్ పాఠం నడుస్తోంది. మన తెలుగులో 'చెయ్యాలి' అంటే సలహా కావచ్చు, ఆజ్ఞ కావచ్చు. చెప్పేవాళ్ళ గొంతును బట్టి తెలుసుకుంటాం. ఇంగ్లీషులో మంచి కోరి చెప్పేదానికి షుడ్, తప్పదని చెప్పేదానికి మస్ట్ అని అక్క పలక మీద రాసి చూపించింది. నాకు మస్ట్ నచ్చింది. ఆ మాట అంటే చేతిలో బెత్తం పట్టుకున్నట్టు ఉండేది.

ఆ బెత్తం పట్టుకునే బావి దగ్గరికి పోయాను. పుస్తకంలో ఉన్నదంతా తాతయ్యకు చెప్పి, "నువ్వు దిగగూడదు తాతా. యూ మస్ట్ నాట్" అన్నాను.

"ఏమప్పా, దొరసాని వచ్చినాది, పక్కకు జరగండి" అన్నాడు తాతయ్య బావిలో ఉన్న వాళ్ళతో. అందరూ నవ్వారు. "మంట నీ కాలికా, నా కాలికా? మా నాయన దిగినాడు, వాళ్ల నాయన దిగినాడు. గంగమ్మకు మైల యాడిది? పో పాపా, పో."

అంతకు ముందే ఒక అధికారి జీపులో వచ్చాడు. ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, మెట్టు కూడా దిగకుండా, బావిలోకి దిగొద్దని గట్టు మీద నుంచే ఇంగ్లీషూ తెలుగూ కలిపి గద్దించి పోయాడు. జనానికి రోషం వచ్చింది, అంతే. కురుపుల కంటే ఆ రుమాలు నాకు ఎక్కువ రోత పుట్టించింది.

జరిగింది చెబితే అక్క నవ్వింది. "మస్ట్ అంటివా మీ తాతతో? షుడ్ అనుంటే మాత్రం ఇనేవాడా ఆయన? మనం చెప్పేది మానేసి ఆయన్నే చెప్పనీ. పద."

అక్క వాళ్ళ ఇంట్లో ఒక తెల్ల గాజు సీసా ఉండేది. దాన్ని కడిగి తెచ్చి, మా కడవలోని నీళ్ళే పొయ్యమంది. మా ఇళ్ళలో నీళ్ళు మట్టి కడవలోనో ఇత్తడి చెంబులోనో ఉండేవి. నీళ్ళను పక్క నుంచి చూసిన వాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు.

తాతయ్య చెల్లెలిని ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద ఉన్నాడు. అక్క ఇచ్చిన సీసాను చేయి చాపి, దూరంగా ఎండలో పట్టుకుని చూశాడు. నీళ్ళలో సుద్దపొడి లాంటి చుక్కలు ఉండుండి ఎగురుతున్నాయి. చెల్లెలు వాటి వెంట వేలు తిప్పుతూ కిలకిలా నవ్వింది.

"నీళ్లలో పెడితే కురుపులోంచి ఏమన్నా వస్తాదా తాతా?" అని అడిగింది అక్క.

"వస్తాది. తెల్లగా, పాల మాదిరి."

"అది యాడికి పోతాది?"

"యాడికి పోతాది, నీళ్లలోకే."

"మరి ఆ నీళ్లు?"

చెల్లెలు అప్పుడే నీళ్ళు తాగి ఉంది, మూతి ఇంకా తడిగా ఉంది. తాతయ్య ఆ మూతిని చూశాడు. తర్వాత పాపను నాకు అందించి, కుంటుకుంటూ గోడ పక్కకు పోయి తిన్నదంతా కక్కుకున్నాడు. నోరు పుక్కిలించడానికి చెంబు ఇస్తే అందులోకి తొంగి చూసి కింద పెట్టేశాడు. "ఇంక నేను దిగగూడదు" అన్నాడు. అది మాతో అన్న మాట కాదు.

ఆ సాయంత్రం అలవాటు కొద్దీ కాలు ఆయన్ను బావి దాకా లాక్కుపోయింది. కానీ దిగలేదు. బావికి ఎడంగా ఒక బండ మీద కూర్చున్నాడు. మంటకు కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. నేను ఒక చెంబు నీళ్ళు కాలి మీద పోశాను. నేల తడి కూడా మిగల్చకుండా పీల్చుకుంది. ఇంకో చెంబు పోయబోతే చేయి అడ్డం పెట్టాడు. "చాలు పాపా. కరువులో నీళ్లు మట్టి పాలు చేస్తే ఎట్ల?"

బావిలోంచి ఎవరో పిలిచారు. "దిగు మామా, ఎవురు చూస్తాండారు?"

"నేను చూస్తాండా గదప్పా" అన్నాడు తాతయ్య.

మా అమ్మ ఆ రోజు నుంచే పంచె గుడ్డను మడతలు వేసి, నీళ్ళు వడకట్టాకే కడవలో పోసేది. అంతకు ముందు చెల్లెలు తాగిన నీళ్ళ సంగతి ఏమవుతుందోనన్న భయం మాత్రం ఇంట్లో ఏడాది పొడుగునా ఉండింది. మరుసటి వేసవిలో ఊళ్ళో ఎన్నో కాళ్ళకు పుల్లలు వేలాడాయి. అమ్మ నిద్ర లేస్తూనే చెల్లెలి కాళ్ళు పాదం నుంచి తొడ దాకా తడిమి చూసేది. వేసవి పోయి తొలకరి పడింది. బొబ్బ లేవలేదు.

తర్వాత ఎన్నో గ్రంథాలయాల్లో ఎన్నో ఇంగ్లీషు వ్యాకరణాలు తిరగేశాను. ఎవరైనా సలహా అడిగితే మాత్రం నేటికీ షుడ్ దగ్గరే ఆగిపోతాను. మస్ట్ అనేది ఎవరికి వాళ్ళు చెప్పుకోవలసిన మాట. గట్టు మీద నిలబడి దాన్ని ఇతరుల మీదికి విసిరే వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఆ పురుగు తలపుకొచ్చినా అంతే. ఈ రోత ఇన్నేళ్ళలో తగ్గలేదు, తగ్గాలని నేను కోరుకోనూ లేదు. మా చెల్లెలి కాళ్ళను కాపాడింది ఆ రోజు తాతయ్యకు పుట్టిన ఈ రోతే.