నంబరు కలిసిన చక్రం

ఇల్మా హైకినెన్ ముప్పై ఒక్క ఏళ్లు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసింది. ఉత్తర మిషిగన్‌లోని ఇనుప గనుల ఊళ్లన్నీ ఆమె పరిధిలోనివే. మాంసం కొట్టువాడి బొటనవేలు తక్కెడ మీద ఎంతసేపు ఆగుతుందో, పెట్రోలు బంకులో కొలత ఎక్కడ జారుతుందో ఆమెకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. ఉద్యోగం వదిలినా ఆ చూపు ఆమెను వదల్లేదు. చర్చిలో ఎవరైనా కప్పు నిండా కాఫీ పోస్తే, ఎందుకు పోశారా అని ఆలోచించేది. నీళ్లలో పాలెన్ని ఉన్నాయో వెతికే మనిషని నెగానీ ఊళ్లో ఆమె మీద ఒక మాట ఉండేది.

ఆమె తండ్రి ఆర్విడ్ గని కార్మికుడు. 1961లో పోస్టు ద్వారా ఒక పాత రివాల్వరు తెప్పించుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఇంగ్లీషు సరుకు. దానికి సరిపోయే తూటాలు అమెరికాలో దొరకడం కష్టం. అందుకని అమ్మినవాళ్లు తూటాలు కూర్చునే ఆరు గదుల చక్రాన్ని వెనకవైపు కాస్త కోసి, ఇక్కడి సైన్యం తూటాలు పట్టేలా చేశారు. తూటాలు పట్టాయి కానీ, వాటి ఉరవడి ఆ ముసలి ఉక్కుకు మించినది. ఆ సంగతి ఆర్విడ్‌కు ఎవరూ చెప్పలేదు. ఏటా జూన్‌లో ఫిన్లాండువాళ్ల మధ్యవేసవి పండుగనాడు చెరువు గట్టున నెగడు వేసి, ఒక మొద్దు మీదికి మూడుసార్లు పేల్చేవాడు. పదమూడో ఏట చక్రం పగిలి, దాని ముక్క ఒకటి ఆయన చెంపను చెవిదాకా చీల్చింది. పగిలిన చక్రాన్ని చెరువులో గిరవాటేశాడు. రివాల్వరును మాత్రం చచ్చేదాకా దాచుకున్నాడు.

1991లో ఉద్యోగ విరమణ అయ్యాక, నాన్న పేల్చినట్టే దాన్ని ఒక్కసారైనా పేల్చాలని ఇల్మాకు కోరిక పుట్టింది. ఉర్హో సల్మేలా దగ్గరికి తీసుకెళ్లింది. ఉర్హో ఆమెతో బడిలో చదువుకున్నవాడు, పక్కూరు ఇష్పెమింగ్‌లో తుపాకులు బాగుచేస్తాడు. మెత్తటి సీసం గుండు పెట్టి, మందు తగ్గించి, ఒక్కొక్కటీ తూచి తూటాలు తనే తయారుచేస్తానన్నాడు. చిక్కల్లా చక్రంతోనే. కోత పడని అసలు చక్రం కావాలి. రెండేళ్లు వెతికారు. కనబడిన ప్రతిదీ ఎవరో ఒకరు కోసేసినదే.

1993 వసంతంలో ఉర్హో ఒక పేరు తెచ్చాడు. డేల్ ప్రూవిట్ అని, ఒహాయో మనిషి, తుపాకుల సంతల్లో బల్ల వేసి పాత భాగాలు అమ్ముతాడట. ఇల్మా ఉత్తరం రాసింది. వారంలో జవాబు వచ్చింది. తన దగ్గర కోయని చక్రాలు కొన్ని ఉన్నాయనీ, ఆమె రివాల్వరు మీది నంబరు పంపితే, కలిసేదేమైనా ఉందేమో చూస్తాననీ రాశాడు.

అక్కడ ఆమె మనసులో ముల్లు కదిలింది. చక్రం కుదరడానికి కొలతలు కావాలి గాని నంబరెందుకు? ఫ్యాక్టరీలో తుపాకీ మీదా దాని చక్రం మీదా ఒకే నంబరు కొడతారు. ఆ రెండూ కలిస్తే పాత వస్తువుల మోజున్నవాళ్లు రెండింతలు ఇస్తారు, నిజమే. కానీ సముద్రం దాటి వచ్చిన వేల తుపాకుల్లో, విడిపోయిన చక్రం మళ్లీ తన తుపాకీనే చేరుతుందా? పైగా ఆ తుపాకీ చక్రం చెరువులో ఉందాయె.

ఒకసారి మొదలైన అనుమానం ఒకచోట ఆగదు. ఇతను నీకెలా తెలుసని ఉర్హోను అడిగింది. ఏదో సంతలో కలిశాడని గొణిగి, అతను తన పనివైపు తిరిగిపోయాడు. అలా తిరగడం ఆమెకు నచ్చలేదు. రివాల్వరు రెండు నెలలు అతని కొట్లోనే ఉంది. నంబరు అతనికి తెలుసు. ఇద్దరూ కలిసి పంచుకుంటున్నారేమో?

నంబరు చివర 64 ఉంది. దాన్ని 46గా మార్చి ఒహాయోకు రాసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మూడు వారాలకు ఫోన్ మోగింది. "కూర్చుని వినండమ్మా. నలభై ఏళ్ల నా వ్యాపారంలో ఇలాంటిది జరగలేదు. మీ చక్రమే దొరికింది" అన్నాడు ప్రూవిట్.

మే నెలలో ఎస్కనాబా సంతకు ఉర్హో తన ట్రక్కులో ఆమెను తీసుకెళ్లాడు. దారి పొడుగునా ఇల్మా అతని ముఖమే చూస్తూ కూర్చుంది.

ప్రూవిట్ తెల్లగడ్డం పెద్దమనిషి. చక్రాన్ని నీలం గుడ్డలో చుట్టి, పసిబిడ్డను అందించినట్టు అందించాడు. ఇల్మా కళ్లద్దాలు పెట్టుకుని చూసింది. చివర 46. ఆమె సంచిలోంచి రివాల్వరు తీసి అతని ముందు పెట్టింది.

"నాకు చూపు ఆనడం లేదు. రెండూ మీరే చదివి చెప్పండి."

అతను చక్రం మీది నంబరు గట్టిగానే చదివాడు. రివాల్వరుది చదువుతూ చివరికొచ్చేసరికి గొంతు తగ్గింది. పక్క బల్లవాళ్లు మాటలాపి ఇటు చూశారు. ఫ్యాక్టరీలో ఏదో పొరపాటు జరిగి ఉంటుందన్నాడతను.

"ఫ్యాక్టరీది కాదు, నాది. మీకు రాసింది తప్పు నంబరు" అంది ఇల్మా.

అప్పటికే ఉర్హో చక్రాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, భూతద్దం కింద తిప్పుతున్నాడు. అతని మెడ ఎర్రబడింది. చక్రం వెనక చుట్టూ వెంట్రుకంత గీత ఉంది. అదీ కోసిన చక్రమే. కోసిన మేరకు ఉక్కు అతికించి, నునుపు చేసి, పైన నంబరు కొట్టారు.

"ఇది పేల్చేది ఈవిడ చేత్తోనయ్యా. వాళ్ల నాన్న చెంప చీరుకుపోయిన రోజు కుట్లు వేయించింది నేను" అన్నాడు ఉర్హో.

ప్రూవిట్ బల్ల సర్దుకోవడం మొదలుపెట్టాడు. సంత నిర్వాహకుడు వచ్చి అతన్ని పంపించేశాడు. మరుసటి నెల అతను విస్కాన్సిన్‌లో బల్ల వేశాడని తర్వాత తెలిసింది.

ఇల్మా చూపు మాత్రం ఉర్హో మీదే ఉంది. ఇందులో అతనికి చెయ్యి ఉంటే ప్రూవిట్‌కు అసలు నంబరే అందేది, చక్రం మీద 64 పడేది. తను వేసిన వల దొంగను పట్టింది, స్నేహితుణ్ణి వదిలేసింది. ఆమెకు సిగ్గేసింది. తిరుగుదారిలో ఉండబట్టలేక ఉన్నదంతా చెప్పేసింది.

ఉర్హో ట్రక్కు వేగం తగ్గించాడు.

"తేలిపోయింది కదా. ఇంక ఆ మాట నాకెందుకు చెప్పావు?"

"దాచుకుంటే ఇంకో మోసం అవుతుందని."

"నీకు బరువు దిగింది. నాకెక్కింది" అన్నాడతను. తర్వాత తన సంగతీ చెప్పాడు. తన కళ్లు మసకబారుతున్నాయనీ, ప్రూవిట్ భాగాలు కొన్నాళ్లుగా సరిగ్గా చూడకుండానే కొంటున్నాననీ. ఆ రోజు పనివైపు తిరిగిపోయింది ఆ భయంతోనేనట.

ఆరు వారాలు అతను ఫోన్ చెయ్యలేదు. ఆ ఏడు పండుగకు చెరువు గట్టుకూ రాలేదు. ఇల్మా రెండుసార్లు అతని కొట్టుదాకా వెళ్లి, దిగకుండానే తిరిగొచ్చింది. జూలైలో ఒక ఉదయం అతనే వచ్చి, వంటగది బల్ల మీద ఒక చక్రం పెట్టాడు. అంటారియోలో ఒక ముసలాయన విప్పి పెట్టుకున్న రివాల్వరుదట. నంబరు వేరు, రంగు మాసింది, కోత లేదు.

"కొలుచుకో" అన్నాడు.

ఆమె మొహమాటపడలేదు. సూక్ష్మమాపకం తెచ్చి ముందూ వెనకా, ఆరు గదులూ కొలిచింది. ఆమె కొలుస్తున్నంతసేపూ అతను యాలకుల రొట్టె తింటూ కూర్చున్నాడు. కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ మాట పైకే చెప్పింది. చక్రం గదులు గొట్టానికి తిన్నగా నిలిచేలా అమర్చడానికి అతనికి ఆ చలికాలమంతా పట్టింది. మసక కళ్లకు తోడుగా ఇల్మా వారంవారం వెళ్లి కొలతలు చదివిపెట్టింది.

మరుసటి పండుగకు, మొదటి ఆరు తూటాలూ రివాల్వరును పాత టైరుకు కట్టి, చెట్టు చాటునుంచి దారం లాగి పేల్చారు. చక్రం చెక్కుచెదరలేదు. ఆ తర్వాతే ఇల్మా చేతిలోకి తీసుకుని మొద్దు మీదికి మూడుసార్లు పేల్చింది. ఒక్కటీ తగల్లేదు. కన్ను తూకం చూడ్డానికే గాని గురికి పనికిరాదని ఉర్హో అన్నాడు. ఆమె రివాల్వరు అతనికిచ్చి, నువ్వు కొట్టి చూపించమంది.